కెలింగ్ ఎక్కడి మాట? మలయ్ పదాల పుట్టుక వెదికే ఉచిత సేవల మీద ఒక సమీక్ష

మలయ్ మాటకు ఇవాళ్టి అర్థం తెలుసుకోవడం అర నిమిషం పని. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, నాలుగు వందల ఏళ్ళ కిందట దాన్ని ఏ అర్థంలో వాడారు అని తేల్చుకోవాలంటే మాత్రం ఒక్క నిఘంటువుతో పని జరగదు. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండా వాడుకోదగిన సేవలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో చూపడానికి ఒకే మాటను అన్నింటిలోనూ వెదికి ఈ సమీక్ష రాస్తున్నాం. ఆ మాట కెలింగ్.

దీన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఇది మన కళింగ నుంచి వెళ్ళిన మాట. వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరంగా చెప్పే ముఖలింగం, రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి. పైగా ఈ మాట పుట్టుక గురించి ఒక తప్పుడు కథ మలేసియాలో గట్టిగా నాటుకుపోయింది. అదే స్పెల్లింగుతో వేరే మాటలూ ఉన్నాయి కాబట్టి నిఘంటువుల బలమూ బలహీనతా ఒక్క వెదుకులాటలోనే బయటపడతాయి.

ముందుగా ఒక హెచ్చరిక. మలేసియా, సింగపూర్, ఇండోనేసియాల్లో ఇవాళ ఈ మాట తిట్టు. భారత సంతతివాళ్ళను నొప్పించే మాట. ఎవరినీ అలా పిలవకూడదు. ఒరాంగ్ ఇందియా, ఒరాంగ్ తెలుగు అనాలి. పాత గ్రంథాల్లో, ఊళ్ళ పేర్లలో కనిపించే మాటగా మాత్రమే ఇక్కడ దీన్ని చూస్తున్నాం.

టైపు చేసే ముందు

వెదికే పెట్టెలో కే, ఈ, ఎల్, ఐ, ఎన్, జీ అని ఆరు రోమన్ అక్షరాలు కొట్టాలి. తెలుగులో కెలింగ్ అని రాస్తున్నాం గానీ మొదటి అచ్చు మన 'ఎ' కాదు. 'అ'కీ 'ఎ'కీ నడుమ, ఊనిక లేకుండా పలికి వదిలేసే అచ్చు అది. మలయ్‌లో దాన్ని ఎ పెపెత్ అంటారు. మన 'మేడ'లో వినిపించే లాంటి అచ్చు ఎ తాలింగ్. రెండింటికీ ఇప్పటి రూమి లిపిలో, అంటే మలయ్ రాసే రోమన్ లిపిలో, ఒకటే అక్షరం. ఏది ఎక్కడ పలకాలో స్పెల్లింగు చెప్పదు.

రెండో చిక్కు చివర ఉంది. ఎన్, జీ కలిస్తే మలయ్‌లో ఒకే ధ్వని. మన వర్ణమాలలో ఉండీ వాడుకలో లేకుండా పోయిన 'ఙ' అదే. 'గ' అస్సలు వినిపించదు. 'గ' కూడా పలకాలంటే ఎన్ తర్వాత రెండు జీలు రాస్తారు. అందుకే మన కళింగను మలయ్, ఇండోనేసియన్ పుస్తకాల్లో రెండు జీలతో కలింగ్గ అని రాస్తారు. ఒక్క జీతో వెదికితే ఆ ఫలితాలు జారిపోతాయి. ఈ ఒక్క అక్షరం దగ్గరే చాలామంది "ఏమీ దొరకలేదు" అని వదిలేస్తారు.

ఇంగ్లీషువాళ్ళు పాత పుస్తకాల్లో ఇదే మాటను మొదటి అచ్చు తీసేసి క్లింగ్ అని రాశారు. పోర్చుగీసు రాతల్లో క్యూతో మొదలయ్యే కెలిన్ రూపం ఉంటుంది. కాబట్టి వెదికేటప్పుడు నాలుగు రూపాలు పక్కన రాసిపెట్టుకోవాలి: కెలింగ్, క్లింగ్, కెలిన్, కలింగ్గ.

దేవాన్ బహాస నిఘంటు సేవ: ఇవాళ్టి అర్థానికి మొదటి మెట్టు

మలేసియా ప్రభుత్వ భాషా సంస్థ దేవాన్ బహాస దాన్ పుస్తక. 1956లో మొదలైంది. సంస్థ పేరులోనే మనకు తెలిసిన మాటలు రెండున్నాయి: బహాస మన భాషే, పుస్తక మన పుస్తకమే. ఈ సంస్థ నడిపే వెదుకులాట సైటును అందరూ పీఆర్‌పీఎం అంటారు. ఖాతా తెరవక్కర్లేదు, రుసుము లేదు. మాట కొడితే కాముస్ దేవాన్ నిఘంటువులోని వివరణ మొదట వస్తుంది. కాముస్ దేవాన్ తొలి కూర్పు 1970లో, నాలుగోది 2005లో వచ్చాయి. ఈ సైటులో ప్రధానంగా కనిపించేది ఆ నాలుగో కూర్పు పాఠం, దానితోపాటు విద్యార్థుల నిఘంటువు పాఠం.

మాటను అక్షర భాగాలుగా విడగొట్టి చూపడం, పక్కనే జావీ లిపిలో, అంటే మలయ్‌కు వాడే అరబ్బీ లిపిలో రాసి ఇవ్వడం ఈ సేవలో మెచ్చుకోదగ్గవి. కిందికి వెళ్తే పర్యాయపదాలు, సామెతలు, శాస్త్ర పరిభాష, మాండలిక పదాలు, జనం అడిగిన ప్రశ్నలకు సంస్థ ఇచ్చిన జవాబులు వరుసగా వస్తాయి. ఆ జవాబుల భాగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏ మాట ఎక్కడ వాడొచ్చు, ఏది తప్పు అన్న సందేహాలకు అంతకన్నా మంచి చోటు లేదు.

వివరణ చదవాలంటే సంకేతాలు తెలియాలి. మాట పక్కన ఎస్, ఎల్ అని ఉంటే పాత సాహిత్యంలోని వాడుక. బీ, పీ అంటే మాటల్లో వాడేది. కే, ఐ అంటే అలంకారికంగా వాడేది. జేడబ్ల్యూ జావా భాష, ఏఆర్ అరబ్బీ. అలలాంటి చిన్న గీత కనిపిస్తే అక్కడ తలమాటను పెట్టుకుని చదవాలి. ఒకే స్పెల్లింగు ఉన్న వేర్వేరు మాటలకు ఒకటి, రెండు అని రోమన్ అంకెలు ఇస్తారు. ఆ అంకె చూడకుండా మొదటి వివరణ దగ్గరే ఆగితే వేరే మాట అర్థం మన మాటకు అంటగట్టినట్టే.

ఇక లోపం. మాట పుట్టుకకు ఈ నిఘంటువులో ప్రత్యేకమైన చోటు లేదు. కొన్ని మాటల పక్కన మూలభాష సంకేతం ఉంటుంది, అంతే. సంస్కృతం నుంచి వచ్చి వెయ్యేళ్ళు దాటినవాటిని చాలాచోట్ల సొంత మాటల్లాగే చూపుతారు. కెరన అంటే కారణం, నెగర అంటే నగరం నుంచి వచ్చిన దేశం అని తెలుగువాడికి చూడగానే తడుతుంది. నిఘంటువు ఆ సంగతి చెప్పకుండానే సాగిపోతుంది. ఇది వాడుకను నిర్ణయించే నిఘంటువు, చరిత్ర చెప్పే నిఘంటువు కాదు. దాన్నుంచి అంతకుమించి ఆశించకూడదు.

కెలింగ్ విషయంలో ఈ నిఘంటువుకు ఒక చరిత్రే ఉంది. అందులో ఈ మాటతో కట్టిన హీనమైన పదబంధాలను చేర్చడం మీద మలేసియాలోని భారత సంతతివాళ్ళు అభ్యంతరం చెప్పారు. 2003లో వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది. వాడుకలో ఉన్నదాన్ని నమోదు చేయడం నిఘంటువు పనే. కానీ ఆ మాట నొప్పించేదని పక్కనే స్పష్టంగా చెప్పడం కూడా దాని పనే. అందుకని పాత అచ్చు కూర్పు చేతిలో ఉన్నవాళ్ళు ఈ ఒక్క మాటకైనా కొత్త పాఠంతో పోల్చి చూసుకోవాలి.

మలయ్ కాంకార్డెన్స్: అసలు సరుకు ఇక్కడుంది

ఈ సమీక్షలో ఎక్కువ మార్కులు పడేది మలయ్ కాంకార్డెన్స్ ప్రాజెక్టుకు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఇయన్ ప్రౌడ్‌ఫుట్ అనే పండితుడు కట్టిన సేవ ఇది. పాత మలయ్ గ్రంథాలను, కథలనూ చరిత్రలనూ పద్యాలనూ ఉత్తరాలనూ ఒక్కచోట చేర్చి, ఏ మాట కొట్టినా అది వచ్చిన ప్రతి వాక్యాన్నీ ముందు వెనక కొన్ని మాటలతో సహా చూపిస్తుంది. మొత్తం 50 లక్షల పదాలకు పైగా ఉన్న నిధి. రూపం పాతకాలపుది: బొమ్మలూ మెరుగులూ ఏమీ లేవు. అదే మేలు, నెమ్మదైన ఇంటర్నెట్‌లోనూ త్వరగా తెరుచుకుంటుంది.

వాడే తీరు చెప్తాం. మాటను ఇప్పటి స్పెల్లింగులో కొట్టాలి. వరుసగా పంక్తులు వస్తాయి. ప్రతి పంక్తికీ గ్రంథం పేరు పొడి అక్షరాల్లో, పేజీ అంకె, పంక్తి అంకెలతో ఉంటుంది. ఆ పొడి పేరుకు వేరే పేజీలో పూర్తి వివరం ఉంది: ఏ ముద్రణ నుంచి తీసుకున్నారు, గ్రంథం ఎప్పటిది, రాతప్రతి ఎప్పటిది. ఈ రెండో పేజీ చూడకుండా మొదటి పేజీని నమ్మకూడదు. ఎందుకో కింద చెప్తాం.

కెలింగ్ కొడితే ఎడమ పక్కన ఏ మాట ఉందో చూస్తూ పోవాలి. ఒరాంగ్ కెలింగ్ అంటే కెలింగ్ మనిషి. కపల్ కెలింగ్ అంటే కెలింగ్ ఓడ. అన్నిటికన్నా ముఖ్యం బెనువ కెలింగ్. ఇవాళ బెనువ అంటే ఖండం: ఆసియా ఖండం, ఆఫ్రికా ఖండం. పాత మలయ్‌లో అది దేశం, నేల. ఇప్పటి నిఘంటువు పట్టుకుని "కెలింగ్ ఖండం" అని అనువదించినవాళ్ళు దెబ్బతింటారు. కెలింగ్ దేశం అనాలి.

ఆ కెలింగ్ దేశం ఎక్కడుంది? జవాబు తెలుగు పాఠకుల్ని ఆపి కూర్చోబెడుతుంది. మలక్క రాజుల చరిత్ర సెజారా మెలయులో రాజా చూలన్ కెలింగ్ దేశంలో నల్లరాతి కోటతో ఒక మహానగరం కట్టించాడని ఉంది. ఆ నగరం పేరు బిజనగర. అది విజయనగరమే. హాంగ్ తువ అనే మలయ్ వీరుడి కథ హికాయత్ హాంగ్ తువలో మలక్క సుల్తాను దూతగా హాంగ్ తువ కెలింగ్ దేశానికి ఓడలో వెళ్తాడు. అక్కడి నగరం బిజయ నగరం, అక్కడి రాజు కిస్న రాయన్. 1509 నుంచి 1529 దాకా ఏలిన మన కృష్ణరాయలి పేరు అక్కడిదాకా వెళ్ళింది. కాంకార్డెన్స్‌లో కెలింగ్ ఒక్కటే కాక నగరం, రాయన్ అన్న మాటలు కూడా విడివిడిగా కొట్టి చూడండి. మకారంతో ముగిసే 'నగరం' అన్న రూపం మలయ్‌ది కాదు, సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన నెగర వేరే ఉంది. ఈ రూపం దక్షిణాది నాలుక మీంచి వెళ్ళింది.

అదే సేవలో 19వ శతాబ్దానికి వస్తే అర్థం మారుతుంది. 1849లో అచ్చయిన మున్షీ అబ్దుల్లా ఆత్మకథలో బహాస కెలింగ్ అన్న మాట ఉంటుంది. మలక్కలో మంచి కుటుంబాల పిల్లలకు ఆ భాష నేర్పించడం ఆనవాయితీ అని, వ్యాపారానికి లెక్కలకు అది అవసరమని ఆయన రాశాడు. ఆ భాష తెలుగు కాదు, ఒడియా కాదు, తమిళం. అంటే కళింగ పేరు అప్పటికి తీరం వెంట కిందికి జారి తమిళం మీద స్థిరపడింది. గమనించాల్సింది ఇంకొకటుంది: అబ్దుల్లా ఆ మాటను తిట్టుగా వాడలేదు. ఆయన పూర్వీకుల్లోనే భారతీయ మూలం ఉంది. తిట్టు రంగు ఆ తర్వాత పులుముకున్నదే.

ఇది వింతేమీ కాదు. ఫ్రాంకుల పేరు అరబ్బీ, పారసీల మీదుగా వచ్చి మన దగ్గర పరంగి అయింది. ఫ్రాన్సును దాటి తెల్లవాళ్ళందరికీ అదే పేరయింది. అయోనియా అనే చిన్న తీరం పేరు మీద గ్రీకులందరూ మనకు యవనులయ్యారు. ముందు పరిచయమైన రేవు పేరు మొత్తం దేశానికి అంటుకోవడం ఓడ వ్యాపారంలో మామూలే.

ఇప్పుడు కాంకార్డెన్స్‌లో పొరపాట్లు జరిగే చోట్లు. మొదటిది తేదీ. సెజారా మెలయు కథ 15వ శతాబ్దపు మలక్క గురించి. బ్రిటిష్ అధికారి రాఫిల్స్ సేకరణలోని ప్రసిద్ధ పాఠం పీఠికలో 1612 అని ఉంది. ఆ ప్రతి మనకు దొరికింది 19వ శతాబ్దపు నకలుగా. ఒక్క పంక్తికి మూడు తేదీలు. "15వ శతాబ్దంలోనే ఈ మాట ఉంది" అని ఆ పంక్తి చూపి వాదిస్తే నిలవదు. 1612 నాటి పాఠంగా చెప్తే నిలుస్తుంది.

రెండోది లిపి. పాత గ్రంథాలన్నీ జావీలో రాసినవి. కెలింగ్‌ను జావీలో క, ల, య, ఙ అన్న నాలుగు అక్షరాలతో రాస్తారు; మొదటి అచ్చు రాయరు. పాత రాతగాళ్ళు 'గ'కు పెట్టాల్సిన చుక్క చాలాసార్లు పెట్టలేదు, అప్పుడది 'క'లాగే ఉంటుంది. అదే నాలుగక్షరాల్ని గిలింగ్, అంటే రుబ్బడం, అని కూడా చదవొచ్చు. సందర్భం చూసి సంపాదకుడు ఎంచుకున్న చదువునే మనం తెర మీద చూస్తున్నాం. ఎడమా కుడీ మాటలు అర్థం కాకుండా లెక్క పెట్టేసి "ఇన్నిసార్లు వచ్చింది" అని చెప్పడం మంచిది కాదు.

మూడోది పరిమితి. వాక్యం ముక్క కనిపిస్తుంది గానీ పేజీ మొత్తం కనిపించదు. ఆ ముద్రణ పుస్తకం వేరే సంపాదించుకోవాల్సిందే. నోటు రాసుకునేటప్పుడు గ్రంథం పొడి పేరు ఒక్కటే రాసుకుంటే ఆరు నెలల తర్వాత పనికిరాదు. ముద్రణ సంవత్సరం, పేజీ, పంక్తి మూడూ రాసుకోవాలి.

గొలుసుల కథను ఎలా కొట్టేయాలి

మలేసియాలో ఎవరిని అడిగినా చెప్పే కథ ఒకటుంది: బ్రిటిష్‌వాళ్ళు భారతదేశం నుంచి తెచ్చిన ఖైదీల కాలి సంకెళ్ళు నడుస్తుంటే "క్లింగ్ క్లింగ్" అని మోగేవి, అందుకే ఆ పేరు. గొలుసుల బదులు గజ్జెలు పెట్టి చెప్పేవాళ్ళూ ఉన్నారు. చెవికి ఇంపుగా ఉంటుంది, గుర్తుండిపోతుంది, పూర్తిగా తప్పు.

భారతీయ ఖైదీలను బ్రిటిష్‌వాళ్ళు సుమత్రాలోని బెంకూలెన్‌కు పంపడం మొదలుపెట్టింది 1787లో. సింగపూర్‌కు తెచ్చింది 1825లో. మాట అంతకు ముందే ఉందని చూపితే కథ కూలిపోతుంది. మలక్కలోని కంపుంగ్ క్లింగ్ మసీదు 1748 నాటిది. 1512 నుంచి 1515 దాకా మలక్కలో ఉన్న పోర్చుగీసు తోమే పిరెస్ తన రాతలో కెలిన్ వర్తకుల గురించి పదేపదే చెప్పాడు. 1511లో మలక్కను పట్టుకున్న పోర్చుగీసువాళ్ళు తమకు సాయపడిన నైన చాతు అనే కెలింగ్ వర్తకుణ్ణి అక్కడి బెండహారగా, అంటే ముఖ్య అధికారిగా నియమించారు. ఇంకా వెనక్కి పోతే 11వ శతాబ్దంలో జావా రాజు ఐర్లంగ శాసనాల్లో పరదేశీ వర్తకుల జాబితాల్లో క్లింగ్ అన్న పేరు సింహళ, కర్ణాటకల సరసన ఉంది. దేశాల పేర్ల మధ్య కూర్చున్న మాట గొలుసు చప్పుడు ఎలా అవుతుంది?

ఇలాంటి కథ ఏ మాట గురించి విన్నా చేయాల్సిన పని ఇదే. కథలోని సంఘటనకు తేదీ పట్టుకోవాలి, మాట తొలి వాడుకకు తేదీ పట్టుకోవాలి, రెండూ పక్కపక్కన పెట్టాలి. ఈ జావా శాసనాలు కాంకార్డెన్స్‌లో దొరకవు, అది మలయ్ గ్రంథాల నిధి. వాటికి జావా శాసనాల ముద్రణలే దిక్కు.

చికాగో వాళ్ళ నిఘంటువులు

బ్రౌన్ తెలుగు నిఘంటువును ఇంటర్నెట్‌లో వాడిన ప్రతివాళ్ళకీ చికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైటు తెలిసే ఉంటుంది. అదే సైటులో హాబ్సన్ జాబ్సన్ ఉంది. భారతదేశంలోనూ తూర్పు దేశాల్లోనూ ఇంగ్లీషువాళ్ళు వాడిన దేశీ మాటల నిఘంటువు ఇది; యూల్, బర్నెల్ కలిసి కూర్చగా 1886లో వెలువడింది. 1903లో క్రూక్ దిద్దిన రెండో కూర్పు వచ్చింది. ఇందులో కెలింగ్ అని కొడితే దొరకదు, క్లింగ్ అని కొట్టాలి. కళింగ నుంచే వచ్చిందని చెప్పి, ఏ యాత్రికుడు ఏ సంవత్సరంలో ఏమని రాశాడో కాలక్రమంలో ఉల్లేఖనలు ఇస్తుంది. ఆ ఉల్లేఖనలే దీని విలువ. వ్యాఖ్యానంలో పాలకుల చూపు ఉంటుంది, వివరణలు కొన్ని పాతబడ్డాయి. ఉల్లేఖనలు తీసుకుని, తీర్పులు పక్కన పెట్టి వాడుకోవాలి.

మలయ్‌లోని తమిళ మాటలకు అదే సైటులోని తమిళ లెక్సికాన్, బర్రో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కలిపి చూడాలి. ఉదాహరణకు మలయ్‌లో మోదల్ అంటే పెట్టుబడి. మన మొదలుతో చుట్టరికం ఉంది: "అసలూ మొదలూ పోయింది" అనే మాటలో మనకూ అదే అర్థం. పెతి అంటే పెట్టె, కెదై అంటే దుకాణం, కపల్ అంటే ఓడ. చూడగానే తెలుగు నుంచి వెళ్ళాయని అనాలనిపిస్తుంది. తొందరపడకూడదు. కెదైకి తమిళంలో కడై ఉంది, కపల్‌కు కప్పల్ ఉంది. చివరి ధ్వని తమిళానికే అతుకుతుంది. పెట్టె, మొదలు ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు; మలయ్‌లోకి వెళ్ళిన దారి తమిళమని పండితుల మాట. బంధుత్వం వేరు, అరువు వేరు. ద్రావిడ నిఘంటువు మొదటిదే చూపుతుంది.

చెవి దగ్గర జాగ్రత్త

పోలికల వెంట పడేవాళ్ళకు మలయ్ ఒక మంచి ఉచ్చు పెట్టింది. మలయ్‌లో తెలింగ అంటే చెవి. తెలంగాణకు, త్రిలింగకు ముడిపెట్టాలని చేతులు దురద పెట్టే మాట. ఏ సంబంధమూ లేదు. మలయ్, పసిఫిక్ దీవుల భాషలు చేరిన కుటుంబాన్ని ఆస్ట్రొనేసియన్ అంటారు. రాబర్ట్ బ్లస్ట్, స్టీఫెన్ ట్రసెల్‌ల ఆస్ట్రొనేసియన్ తులనాత్మక నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. అందులో చూస్తే ఇదే మాట తగలోగ్‌లో తైంగ, మావొరీలో తరింగ, టోంగాలో తెలింగ. ఇండియా ముఖం చూడని పసిఫిక్ దీవుల్లో కూడా చెవికి అదే మాట ఉందంటే అది వాళ్ళ పుట్టుమాట. మలయ్ మాట ఏదైనా సంస్కృతమో తెలుగో అని అనుమానం వస్తే ముందుగా తెరవాల్సింది ఈ నిఘంటువునే. ఇక్కడ దొరికితే మన వాదన సగం అక్కడే ఆగిపోతుంది. అక్షరక్రమంలో కన్నా అర్థం ద్వారా, ఇంగ్లీషు మాటతో, వెదకడం తేలిక.

ఇండోనేసియా నిఘంటువు

కాముస్ బెసార్ ఇండోనేసియా ప్రభుత్వ నిఘంటువు. అచ్చులో మొదట 1988లో వచ్చింది, ఇంటర్నెట్ రూపం 2016 నుంచి కొత్త హంగులతో నడుస్తోంది. ఖాతా లేకుండా వాడితే రోజుకు కొన్ని మాటలకే అనుమతి. ఖాతా తెరిస్తే ఆ పరిమితి సడలుతుంది, కొన్ని మాటలకు వ్యుత్పత్తి కూడా కనిపిస్తుంది. ఖాతా ఉచితం కాబట్టి తెరుచుకోవడమే మేలు. ఇక్కడ రెండు అడ్డగీతలు కనిపిస్తే తలమాట, అల గీత కనిపిస్తే దాని నుంచి పుట్టిన రూపం అని చదవాలి. కాముస్ దేవాన్ పద్ధతికి ఇది వేరు. రెండూ ఒకేసారి తెరిచి చదివేవాళ్ళు ఇక్కడే తికమక పడతారు.

కెలింగ్ కొడితే ఇందులో ఒకటి మనం వెదికే మాట, ఇంకొకటి రివెట్. ఇనుప రేకుల్ని కలిపి బిగించే పొట్టి మేకు. పాకు కెలింగ్ అని యంత్రాల దుకాణాల్లో వినపడేది అదే. అది డచ్చివాళ్ళ క్లింక్ నుంచి వచ్చింది. కళింగతో ఏ లంకే లేదు. ఇంకో కెలింగ్ మలేసియాలోని సరవాక్‌లో ఉండే ఇబాన్ గిరిజనుల పురాణ వీరుడు, పాంగావ్ లిబావ్ అనే దివ్యలోకవాసి. పేరు ఒకటైనంత మాత్రాన అతణ్ణి కళింగ రాకుమారుడిగా చేసేయకూడదు.

కళింగ నుంచి కెలింగ్ దాకా ధ్వని

మొదటి 'అ' ఏమైందన్న ప్రశ్నకు జవాబు నిఘంటువుల్లో రాసి ఉండదు, మాటల్ని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మలయ్‌లో ఊనిక సాధారణంగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. మూడక్షరాల సంస్కృత మాట వస్తే మొదటి అచ్చు బలం కోల్పోయి ఎ పెపెత్ అవుతుంది. కారణ కెరన అయింది, నగర నెగర అయింది. కళింగ కూడా ఆ దారినే మొదటి అచ్చు పోగొట్టుకుంది. చివరి 'గ' కూడా పోయి 'ఙ' మిగిలింది. జావా శాసనాల్లో అప్పటికే క్లింగ్ అని కురచగా ఉంది కాబట్టి ఆ కోత వెయ్యేళ్ళ నాటి సంగతి. గ్రంథస్థంగా మళ్ళీ తెచ్చుకున్న రూపంలోనేమో కలింగ్గ అని మొత్తం నిలిచింది. ఒకే పేరు రెండుసార్లు వెళ్ళింది: ఒకసారి ఓడవాళ్ళ నోట, ఒకసారి పండితుల పుస్తకంలో.

ఎవరికి ఏది

మలేసియాలోనో సింగపూర్‌లోనో ఉంటూ రోజువారీ మాటలకు అర్థం కావలసినవాళ్ళకు దేవాన్ బహాస సేవ ఒక్కటే చాలు. తెలుగు, మలయ్ సంబంధాల మీద రాసేవాళ్ళు కాంకార్డెన్స్ తెరవకుండా ఒక్క వాక్యమూ రాయకూడదని మా గట్టి అభిప్రాయం. దాని పక్కన హాబ్సన్ జాబ్సన్, చెవి లాంటి ఉచ్చుల కోసం ఆస్ట్రొనేసియన్ నిఘంటువు. ఇండోనేసియా నిఘంటువు నాలుగో స్థానంలో.

అరువు మాటలన్నిటినీ ఒకేచోట మూలభాషతో సహా చూడాలనుకుంటే రసెల్ జోన్స్ సంపాదకత్వంలో 2007లో వచ్చిన మలయ్, ఇండోనేసియన్ అరువు పదాల పుస్తకం ఉంది. జాబితాగా అద్భుతం, ఒక్కో మాటకు చర్చ మాత్రం ఉండదు. అర్థాల లోతు కావాలంటే విల్కిన్సన్ మలయ్, ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ సాటిలేనిది. 1901లో మొదలైన తొలి కూర్పు జావీ అక్షరక్రమంలో ఉంది, 1932 కూర్పు రోమన్ క్రమంలో ఉంది. రెండోదే తీసుకోవాలి. రెండు సంగతులు గుర్తుంటే అందులో మాట త్వరగా దొరుకుతుంది. ఎ పెపెత్ మీద చిన్న గిన్నె గుర్తు పెడతాడు, కాబట్టి ఉచ్చారణ సందేహం అక్కడే తీరుతుంది. 1972 లిపి సంస్కరణకు ముందు పుస్తకం కాబట్టి ఇప్పుడు సీతో రాసే 'చ'ను సీ, హెచ్ కింద వెదకాలి: చెరుతు, అంటే మన చుట్టలాంటి పొగాకు చుట్ట, అక్కడ సీ, హెచ్‌తో ఉంటుంది. అదే మాటను పాత ఇండోనేసియా పుస్తకాల్లో వెదికితే టీ, జే కింద ఉంటుంది, 'ఉ' స్థానంలో ఓ, ఈ కలిపి ఉంటాయి.

ఊళ్ళ పేర్లలో వెదికేవాళ్ళు పాత పటం, కొత్త పటం రెండూ పెట్టుకోవాలి. మలక్కలో తంజుంగ్ కెలింగ్, పినాంగ్‌లో కపితన్ కెలింగ్ మసీదు, జావాలో జెపారా దగ్గర కెలింగ్ ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. సింగపూర్‌లో ఒకప్పటి క్లింగ్ స్ట్రీట్ ఇప్పుడు చూలియా స్ట్రీట్. సుమత్రాలోని మెదాన్ నగరంలో కంపుంగ్ కెలింగ్ ఇప్పుడు కంపుంగ్ మద్రాస్.